పనిచేసే చోట నవ్వు ఎంతవరకు ఉండవచ్చు?

ప్రశ్న: గుమాస్తా, గుంటూరు

నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టులో 11 ఏళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో తెల్లవారకముందే లారీలు దిగుతాయి, ఘాటుకు కళ్లూ ముక్కూ మండుతూనే ఉంటాయి. హమాలీలతో నాలుగు మాటలు విసురుకుంటూ నవ్వుకోకపోతే ఆ పని సాగదు. అయితే ఈ సీజనులో ధర బాగా పడిపోయిన ఒక రోజు, పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా మీద ఉండగా, "బాబాయ్, మీ కాయల కంటే ఈ గోతాలే బరువుగా ఉన్నాయే" అన్నాను. హమాలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకొని, చీటీ తీసుకొని వెళ్లిపోయారు. ఆయనకు కౌలు డబ్బులు కూడా రాలేదని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి నేను పనిలో నోరు విప్పడం మానేశాను. ఇప్పుడు హమాలీలు నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటున్నారు. సరదాగా ఉండవలసిన వేళను, ఉండకూడని వేళను మీరెలా గుర్తుపడతారు?

జవాబు: విశ్రాంత నర్సు, విజయవాడ

మా వార్డులో మేము పాటించినది చెబుతాను. రక్తం ఎక్కించే ముందు సంచీ మీది గ్రూపునూ రోగి కాగితాన్నీ ఇద్దరం కలిసి సరిచూసుకునేటప్పుడు ఎవరూ పరాచికాలాడేవారు కాదు. అది ముగిశాక కబుర్లు మామూలే. రోగి తన జబ్బు గురించి తానే ఏదైనా అని నవ్వితే మేమూ నవ్వేవాళ్లం. ఆ మాట మేము ముందుగా ఎత్తేవాళ్లం కాదు. ఏడాది కష్టం ఒక అంకెగా మారే ఆ కాటా వేళ కూడా అటువంటిదేనని నాకు అనిపిస్తోంది.

జవాబు: తెలుగు ఉపాధ్యాయుడు, గుంటూరు

మీరు పూర్తిగా మౌనం వహించడం నాకు నచ్చలేదు. మన జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి వల్ల పేరుకెక్కిన బుర్రకథనే చూడండి. నడుమ తంబూరా పట్టిన కథకుడు, ఇరుపక్కలా డక్కీలు వాయించే ఇద్దరు వంతలు. వారిలో ఒకరిది రాజకీయం, మరొకరిది హాస్యం. పల్నాటి యుద్ధం వంటి కన్నీటి కథను పొద్దుపోయేదాకా కూర్చొని వినగలిగామంటే అందులో ఆ హాస్యం వంత పాలు చాలా ఉంది. కానీ అతడు కథను మనందరికంటే శ్రద్ధగా వినాలి, ఎందుకంటే "తందాన తాన" అనవలసిన చోట తప్పితే కథే తెగిపోతుంది. అతని చమత్కారం గొప్పలు పోయేవాడి మీదికి వెళుతుంది, బాలచంద్రుణ్ణి యుద్ధానికి పంపుతున్న మాంచాల మీదికి వెళ్లదు. మీరిప్పుడు డక్కీ కింద పెట్టి వేదిక దిగిపోయారు. మిగిలినవారికి కథ బరువవుతుంది. ఆ హమాలీల అనుమానానికి అర్థం అదే.

జవాబు: మిర్చి రైతు, ప్రత్తిపాడు

ధర వచ్చిన రోజు మేమే ముందుగా హాస్యమాడతాము. రాని రోజు మాకు ఓదార్పు కూడా అక్కరలేదు. తరుగు ఎంత తీశారో, కమీషన్ ఎంత పట్టారో చీటీ చూసి నిదానంగా చదివి చెప్పండి, ఒక టీ ఇప్పించండి. ఆ టీ తాగుతూ మేమే ఏదో ఒకటి అని నవ్వుతాము.

గుమాస్తా మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. చీటీ నకలులో పెద్దాయన నంబరు ఉంటే నిన్న ఫోన్ చేసి, క్షమించమని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంకో 20 టిక్కీలున్నాయి బాబూ, వచ్చే వారం తెస్తాను. నువ్వు కొట్టులో ఉంటావా?" అన్నారు. ఉంటానన్నాను. ఆ రోజు చీటీ నేనే చదివి వినిపిస్తాను, టీకి కూడా నేనే తీసుకువెళతాను.