పాప ఆపరేషన్‌కు తల్లి సంతకం చాలదా?

బద్వేలు_అమ్మ: పోయిన నెల మా పాపకు (9 ఏళ్లు) అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే కడపలో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకుపోయాం. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. సంతకం పెడతానంటే "వాళ్ల నాన్న రావాలమ్మా" అన్నారు. ఆయన కువైట్‌లో ఉన్నాడు. మా మరిది బద్వేలు నుంచి వచ్చేదాకా రెండు గంటలు బిడ్డ మెలికలు తిరిగిపోయింది. ఇంకోటి, "అమ్మా, నన్ను కోస్తారా?" అని పాప అడిగితే "లేదు, ఫోటో తీస్తారంతే" అన్నాను. ఇప్పుడు నా మాట ఏదీ నమ్మదు. ముందే చెప్పాల్సిందా?

ప్రొద్దుటూరు_నాన్న: సంతకం సంగతి పక్కన పెట్టక్కా, ముందు కేస్ షీట్ కాపీ తీసుకో. మావాడికి జ్వరం తిరగబెడితే వేరే డాక్టరు పాత కాగితాలు అడిగాడు, ఆసుపత్రివాళ్లు ఇవ్వం అన్నారు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల్లో అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. తెల్లకాగితం మీద రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్నా. మూడో రోజు కాగితాలు నా చేతికొచ్చాయి.

రిటైర్డ్_సిస్టర్: చిన్నపిల్లల వార్డులో 27 ఏళ్లు చేశాను. తల్లి సంతకం చాలు. 12 ఏళ్లలోపు బిడ్డ మేలు కోసం చేసే వైద్యానికి సంరక్షకులు గానీ, చట్టప్రకారం బిడ్డ బాధ్యత చూసే మనిషి గానీ ఒప్పుకుంటే అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత (నేరాల చట్టం) 27వ సెక్షన్. అందులో తండ్రి అనే మాటే లేదు.

డ్యూటీ_డాక్టర్: సిస్టర్, మీ కాలం వేరు. ఒకసారి తల్లి సంతకంతో చేస్తే తెల్లారి ఆ బిడ్డ పెదనాన్న పదిమందితో వచ్చి "ఎవర్నడిగి కోశారు" అని అద్దాలు పగలగొట్టాడు. నా కళ్ల ముందే. మేము ఎవరికి చెప్పుకోవాలి?

లా_తమ్ముడు: మైనర్ల సంరక్షకులు ఎవరో చెప్పే 1956 హిందూ చట్టంలో "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని ఉన్నమాట నిజమే. "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకనే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు కూడా అని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. కువైట్‌లో ఉండటం అంటే అదే కదా సార్.

డ్యూటీ_డాక్టర్: రాత్రి రెండు గంటలకు తీర్పు చదివి వినిపిస్తే పెదనాన్న ఊరుకుంటాడా?

రిటైర్డ్_సిస్టర్: మీ భయానికి బిడ్డ రెండు గంటలు నొప్పి పడాలా? అపెండిక్స్ లోపల పగిలుంటే? అద్దాలు మళ్లీ వేయించుకోవచ్చు డాక్టర్.

డ్యూటీ_డాక్టర్: కొట్టింది అద్దాలనే కాదు.

జమ్మలమడుగు_తల్లి: పోట్లాట ఆపండి, ఆమె అడిగిన రెండోదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మా బాబుకు తలసీమియా, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మొదట్లో సూది నొప్పి లేదని అబద్ధం చెప్పేవాళ్లం. ఆసుపత్రి గేటు కనిపిస్తే చాలు, ఆటో కమ్మీ పట్టుకుని వదిలేవాడు కాదు. ఒక సిస్టరమ్మ వాడి పక్కన కూర్చుని "నొప్పి పుడుతుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, ఏ చెయ్యి కావాలో నువ్వే చెప్పు" అంది. ఎడమ చెయ్యి చాపాడు. ఇప్పటికీ ఏడుస్తాడు, కానీ చెయ్యి వాడే చాపుతాడు. చెప్పక్కా, ఇప్పుడైనా చెప్పు.

బద్వేలు_అమ్మ: నిన్న రాత్రి చెప్పాను. కుట్లు పడినచోట వేలు పెట్టి చూపించి, ఇక్కడ కోశారు, నాకు ముందే తెలుసు అన్నాను. "నాన్నకూ తెలుసా? చిన్నాన్నకూ?" అంది. తెలుసన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి తీసి దానిమీద పెట్టుకుని పడుకుంది.

ప్రొద్దుటూరు_నాన్న: మంచి పని చేశావక్కా. కేస్ షీట్ మాత్రం మర్చిపోవద్దు.