హామ్లెట్ పంక్తిలో ఉన్నది ఏ ‘లెట్’?

వారానికోమాట: పిల్లలకు వారానికో ఇంగ్లిష్ మాట చెబుతున్నాను. సోమవారం మాట, శుక్రవారానికి దాని చుట్టాలు. ఈ వారం ‘లెట్’. నోట్స్ రాసుకుంటుంటే హామ్లెట్ పంక్తి ఒకటి సగం గుర్తొచ్చి వదలడం లేదు. దయ్యం వెంట వెళ్లబోతుంటే స్నేహితులు పట్టుకుంటారే, అక్కడ: ‘ఐల్ మేక్ ఎ ఘోస్ట్ ఆఫ్ హిమ్ దట్...’ తర్వాత ‘లెట్స్ మీ’నా, ‘స్టాప్స్ మీ’నా? లెట్స్ అయితే, వెళ్లనిచ్చినవాణ్ణి చంపడమేమిటి?

పాతపుస్తకం: లెట్సే. ఇది అడ్డుపడే లెట్. పాత ఇంగ్లిష్‌లో వదలడం ‘లేటన్’, ఆపడం ‘లెట్టన్’. రానురాను రెండూ ఒకేలా పలకసాగాయి, రెండోది మూలపడింది. పాస్‌పోర్టులో ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ అని ఉంటుంది చూడండి. షేక్‌స్పియర్ ఇక్కడ రెండర్థాలతోనూ ఆడుకున్నాడని నా నమ్మకం.

గళ్లనుడికట్టు: మాస్టారూ, మీ అభిమానం కొంచెం ఎక్కువైంది. అప్పటికి అది మామూలు మాటే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లోనూ అడ్డుపడే లెట్ ఉంది, అక్కడ ఏ శ్లేషా లేదు. టెన్నిస్‌లో సర్వీస్ నెట్‌కు తగిలినప్పుడు వినిపించే ‘లెట్’ కూడా ఇదే. నెట్ అన్నదే చెడి లెట్ అయిందంటారు కొందరు. మరి స్క్వాష్‌లో నెట్టే ఉండదు, లెట్ మాత్రం ఉంది!

అమరాభిమాని: ఎదురెదురు అర్థాలకు ఇంత ఆశ్చర్యమా? ‘ఆరాద్దూరసమీపయోః’ అన్నాడు అమరసింహుడు. ఒక్క ‘ఆరాత్’కే దూరమూ, దగ్గరా. ఇక మీ లేటన్, లెట్టన్ కూడా వేరు కాదు. లెట్టన్ అంటే ఆలస్యం చేయడం, ‘లేట్’ దాని తోబుట్టువు. ఇంకా వెనక్కి వెళ్తే రెండింటికీ ‘సడలడం’ అనే ఒకే ధాతువు. అసలు వారానికో మాటైతే ఎప్పటికి తెములుతుందండీ? మావాళ్లు అమరం వల్లె వేసి వేల మాటలు నోట్లో పెట్టుకున్నారు.

వారానికోమాట: నోట్లో పెట్టుకున్నారు సరే, వాడింది ఎన్ని? మా పిల్ల ఒకతె లీఫ్‌లెట్, డ్రాప్‌లెట్, అవుట్‌లెట్, హామ్లెట్ అన్నీ ఒకే వరుసలో రాసి, పక్కన ‘అన్నిట్లో లెట్’ అని ఎర్రపెన్నుతో గీత కొట్టింది. ఆ గీత దగ్గరే తరగతంతా గొడవ. వల్లె వేయిస్తే ఆ గొడవ వస్తుందా?

గళ్లనుడికట్టు: అవుట్‌లెట్ తీసేయించండి, అది వదిలే లెట్. లీఫ్‌లెట్‌లోది ‘చిన్నది’ అనే ప్రత్యయం. హామ్లెట్ అంటే పల్లె అనుకుంటే, ఫ్రెంచివాళ్లు ‘హామ్’ను చిన్నచేసి ‘హామెల్’, దాన్ని మళ్లీ చిన్నచేసి ‘హామెలెట్’ అన్నారు. రాకుమారుడికి దానితో సంబంధం లేదు, డేనిష్ కథలో ఆయన ఆమ్లెత్.

పాతపుస్తకం: ఆ పేరు పిల్లల ముందు ఎత్తకండి, ఆమ్లెట్ అని పీరియడంతా నవ్వుతారు.

అమరాభిమాని: నవ్వనివ్వండి, ఆమ్లెట్ మూలం ‘పల్చని రేకు’ అనే లాటిన్ మాట. ఆ లెట్‌కూ పల్లెకూ పొత్తే లేదు.

వారానికోమాట: అయ్యా, బోర్డు మీద లెట్‌ను ఒక మాటగా రాయాలా, రెండుగానా?

పాతపుస్తకం: రెండు.

అమరాభిమాని: ఒకటే.

గళ్లనుడికట్టు: అది తర్వాత. ముందు బ్రేస్‌లెట్‌ను ఎక్కడ విరుస్తారో చెప్పండి. నన్నడిగితే బ్రేసెల్ దగ్గర.