మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ అన్నారు, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపలేకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) ఉన్నదని పిల్లల మానసిక వైద్యురాలు చెప్పారు. రక్తపరీక్ష, స్కానింగ్ ఏవీ లేకుండా, మా చేత, టీచరు చేత ప్రశ్నపత్రాలు నింపించి మాత్రమే నిర్ధారించవచ్చా? మా అత్తగారు ఇదంతా గారాబమే అంటున్నారు.

జవాబు 1: దీనిని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేవండి. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనబడుతూ, చదువుకో స్నేహాలకో అడ్డుపడుతున్నాయా అని చూస్తారు కనుకనే టీచరును కూడా అడిగారు. గారాబం దీనికి కారణం కాదు (పెద్దవారితో వాదించడం కన్నా, వారిని ఒకసారి డాక్టరు వద్దకు తీసుకువెళ్లడం మేలు).

జవాబు 2: చూపు, వినికిడి, నిద్ర సరిగా ఉన్నాయో లేదో పరీక్షించారా? డిస్లెక్సియా (చదవడంలో, రాయడంలో ఇబ్బంది) కూడా తోడుగా ఉందేమో తప్పక అడగండి, ఎందుకంటే అటువంటి అభ్యసన లోపాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది.

ప్రశ్న అడిగినవారు: మందు వెంటనే మొదలుపెట్టాలా?

జవాబు 1: అది వయసును, తీవ్రతను బట్టి ఉంటుంది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాస్తే ఆకలి, బరువు, ఎత్తు ఎంత తరచుగా చూస్తారో ముందే అడగండి.