అప్‌డేట్: సెల్ఫ్ అప్పుడప్పుడు తిరగకపోవడానికి కారణం ఎర్త్ పట్టీ (ఇంజిన్‌ను కారు బాడీకి కలిపే లోహపు పట్టీ)

సమస్య ఇదీ: పెట్రోల్ కారు, బ్యాటరీ కొత్తది. పదిసార్లలో రెండు మూడుసార్లు తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంటుంది. సెల్ఫ్ మోటార్ మార్చే ముందు వోల్టేజ్ డ్రాప్ (కరెంటు పారేటప్పుడు దారిలో ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో) చూడమన్న సలహాయే పని చేసింది. చెప్పినవారికి ధన్యవాదాలు.

ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంకొకరు సెల్ఫ్ కొడుతుండగా కొలిచాం. బ్యాటరీ 12.6 నుంచి 10.9 వోల్టులకే దిగింది, అంటే బాగానే ఉంది. పాజిటివ్ పోస్టు (బ్యాటరీ మీది సీసపు మొన) నుంచి సెల్ఫ్ మోటార్ బోల్టుకు డ్రాప్ 0.2 వోల్టులు. నెగటివ్ పోస్టు నుంచి బాడీకి 0.1. బాడీ నుంచి ఇంజిన్ బ్లాక్‌కు మాత్రం ఏకంగా 1.5! మీటరు ప్రోబ్‌ను కేబుల్ క్లాంపు మీద కాదు, పోస్టు మీదే ఆనించాలి.

ఆ రెండింటినీ కలిపేది ఎర్త్ పట్టీయే. అంతకుముందు చేసిన కంటిన్యుటీ పరీక్షలో (దారి తెగిందో లేదో మీటరుతో చూడటం) ఈ పట్టీ పాసైంది. 0.01 ఓమ్ నిరోధాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు. కానీ 150 ఆంపియర్లు పారితే అదే 1.5 వోల్టులు మింగేస్తుంది. పట్టీ కదిలినా, వేడెక్కినా తుప్పు దగ్గర ఆనిక మారుతుంది, అందుకే లోపం వచ్చిపోతూ ఉంటుంది.

‘టక్’మన్నప్పుడు జంపర్ కేబుల్‌తో నెగటివ్ పోస్టును ఇంజిన్ బ్లాక్‌కు కలిపితే సెల్ఫ్ వెంటనే తిరిగింది. అనుమానం అక్కడితో తీరింది.

బ్యాటరీ నెగటివ్ విప్పి, పాత పట్టీ తీసేసి, బోల్టు కూర్చునే చోట్లు లోహం మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాం. ఇప్పుడు డ్రాప్ 0.1.

‘టక్’ కూడా రాకపోతే ఈ దారి కాదు, ముందు స్టార్టర్ రిలే, ఇగ్నిషన్ స్విచ్ చూడండి.