వారానికోసారి 502, రీస్టార్ట్ చేస్తే బాగవుతోంది: ఘోస్ట్ బ్లాగులో తప్పు ఎక్కడ వెతకాలి?

నీలిసిరా:
అందరికీ నమస్కారం. నాలుగు నెలల క్రితం ఉబుంటు 24.04 సర్వర్ మీద సొంతంగా ఘోస్ట్ అనే బ్లాగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. 1 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్, ముందు ఎన్జినెక్స్ (వచ్చినవాళ్లని ఘోస్ట్‌కి చేర్చే వెబ్ సర్వర్), వెనక మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్, అన్నీ ఘోస్ట్ సీఎల్ఐ అనే దాని కమాండ్ టూల్‌తోనే పెట్టాను. రాసుకోవడానికి చాలా హాయిగా ఉంది. కానీ వారం పది రోజులకోసారి సైట్ తెరిస్తే 502 బ్యాడ్ గేట్‌వే అని వస్తోంది. ఒక్కోసారి రెండు మూడు నిమిషాల్లో తనంతట తనే లేస్తుంది, ఒక్కోసారి దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ కూడా అందదు, సర్వర్ మొత్తం రీస్టార్ట్ చేస్తేగానీ దారి లేదు. ఫోటోలు ఎక్కువ ఎక్కించిన రోజుల్లోనే ఇలా అవుతోందని నాకనిపిస్తోంది. ఎన్జినెక్స్ ఎర్రర్ లాగ్ మొత్తం చదివాను, కనెక్షన్ దొరకలేదన్న మాట తప్ప ఏమీ లేదు.

ఇంకోటి, నేను ఇంకా వెర్షన్ 5లో ఉన్నాను. 6కి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. బ్యాకప్ అంటే అడ్మిన్‌లో దొరికే జేసన్ ఎక్స్‌పోర్ట్ ఒక్కటే ఉంది. అది సరిపోతుందా?

పాతటెర్మినల్:
ఈసారి పడిపోయినప్పుడు వెంటనే రీస్టార్ట్ చేయకండి, ముందు ఎవరు పోయారో చూడండి. 502 వచ్చిందంటే ఎన్జినెక్స్ బతికే ఉంది. అది 2368 పోర్టులో ఉండాల్సిన ఘోస్ట్‌ని పిలిచింది, అటునుంచి పలుకు లేదు. ఎందుకు పలకలేదో దానికి తెలియదు కాబట్టి దాని లాగ్‌లో కారణం దొరకదు. సిస్టమ్ లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి హైఫన్ కె ఇచ్చి కెర్నెల్ మెసేజ్‌లు చూడండి. మీరు ఇప్పటికే రీస్టార్ట్ చేశారు కాబట్టి అలా ఇస్తే ఇప్పటి బూట్‌వి మాత్రమే వస్తాయి, హైఫన్ బి పక్కన మైనస్ 1 కూడా ఇస్తే ముందు బూట్‌వి కనిపిస్తాయి. అందులో 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న మాట వెతకండి.

ఫోటోల సంగతి మీరు చెప్పగానే నాకు అనుమానం అటే వెళ్లింది. ఎక్కించిన ప్రతి ఫోటోనీ ఘోస్ట్ సైజు మార్చి దాచుకుంటుంది, ఆ కాసేపు మెమరీ బాగా తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ 8 ఏ పనీ లేకుండా కూర్చున్నా దాదాపు 400 ఎంబీ దగ్గర ఉంటుంది. చోటు చాలనప్పుడు కెర్నెల్ ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ని చంపుతుంది, ఇంత చిన్న సర్వర్లో అది చాలాసార్లు మైఎస్‌క్యూఎల్లే అవుతుంది. డేటాబేస్ లేకపోతే ఘోస్ట్ పలకదు. సర్వీసులని చూసుకునే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతుంది. తనే లేస్తోందని మీరన్నది అదే అయ్యుండాలి.

నీలిసిరా:
దొరికిందండీ. రెండు బూట్లలో కలిపి మూడుసార్లు ఉంది, మూడుసార్లూ పోయింది మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్సే. ఫ్రీ కమాండ్ ఇచ్చి చూస్తే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) దగ్గర సున్నా ఉంది. ఇన్నాళ్లూ తప్పు ఘోస్ట్‌లో ఉందనుకుని దాని సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను.

పాతటెర్మినల్:
అయితే 2 జీబీ స్వాప్ ఫైల్ పెట్టండి. ఫైల్ సృష్టించాక పర్మిషన్ 600 (ఓనర్ మాత్రమే చదివి రాసేలా) ఇవ్వండి, ఎంకేస్వాప్, స్వాపాన్ కమాండ్లు నడపండి, ఆ తర్వాత బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్ చదివే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో లైను చేర్చండి. ఈ చివరిది మర్చిపోతే తర్వాతి రీబూట్‌తో స్వాప్ పోతుంది, మళ్లీ ఇదే కథ. స్వాపినెస్ (స్వాప్‌ని ఎంతగా వాడాలో చెప్పే సెట్టింగు) 10కి తగ్గించుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్‌లో పెర్ఫార్మెన్స్ స్కీమా (తన పనితీరుని కొలుచుకునే భాగం) ఆపేయండి, మీ ఒక్క బ్లాగుకి దాంతో పని లేదు, ఆపితే మెమరీ బాగా మిగులుతుంది. బఫర్ పూల్ (డేటాని మెమరీలో ఉంచుకునే చోటు) మాత్రం తగ్గించకండి, అది మామూలుగా 128 ఎంబీయే.

డిస్క్ కూడా ఓసారి చూసుకోండి. మైఎస్‌క్యూఎల్ 8 బైనరీ లాగ్‌లు (డేటాలో మార్పులన్నీ నమోదయ్యే ఫైళ్లు) రాస్తూ పోతుంది, మనం మార్చకపోతే 30 రోజులు ఉంచుతుంది. 25 జీబీలో అది తక్కువేం కాదు. గడువు సెకన్లలో ఇవ్వాలి, 3 రోజులకి 259200. ఆ ఫైళ్లని చేత్తో డిలీట్ చేయొద్దు, వాటి లెక్క మైఎస్‌క్యూఎల్ దగ్గర ఉంటుంది, పర్జ్ కమాండ్‌తోనే తీయాలి.

అక్షరశాల:
బ్యాకప్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నాను. జేసన్ ఎక్స్‌పోర్ట్‌లో పోస్టులు, ట్యాగ్‌లు, సెట్టింగులు వస్తాయి. ఫోటోలు రావు, సభ్యుల జాబితా రాదు, దాన్ని విడిగా సీఎస్‌వీగా దించుకోవాలి. నేను ఆ జేసన్‌నే నమ్ముకున్నాను, సర్వర్ డిస్క్ పోయిన రోజు రాతంతా వెనక్కి వచ్చింది, రెండేళ్ల ఫోటోల్లో ఒక్కటీ రాలేదు. ప్రొవైడర్ దగ్గర స్నాప్‌షాట్ ఉంటుందనుకున్నాను, నా ప్లాన్‌లో అది లేనే లేదు.

ఇప్పుడు రోజూ రాత్రి మైఎస్‌క్యూఎల్‌డంప్ (డేటాబేస్ కాపీ) తీస్తాను, సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో, దాంతో సైట్ ఆపనక్కర్లేదు. దానితోపాటు కంటెంట్ ఫోల్డర్ మొత్తం, ప్రొడక్షన్ కాన్ఫిగ్ జేసన్ ఫైలు. ఈ మూడూ ఆ సర్వర్ బయటికి వెళ్లాలి. అదే డిస్క్ మీద ఇంకో ఫోల్డర్లో పెట్టుకుంటే ఆ డిస్క్‌తోపాటే పోతాయి. నెలకోసారైనా వేరే మెషిన్ మీద రీస్టోర్ చేసి కళ్లతో చూడండి, అప్పటిదాకా అది బ్యాకప్ అని నేను అనుకోను.

రాత్రిపనివాడు:
వెర్షన్ 6 సంగతి. నేరుగా దూకకండి. ముందు 5లోనే ఆఖరి వెర్షన్‌కి రండి, సైట్ మామూలుగా నడుస్తోందని చూసుకోండి, అప్పుడు 6. దానికి నోడ్ (ఘోస్ట్‌ని నడిపే జావాస్క్రిప్ట్ రన్‌టైమ్) 22 కావాలి. నోడ్‌ని ఎన్‌వీఎం అనే వెర్షన్ మేనేజర్‌తో హోమ్ డైరెక్టరీలో పెట్టి ఉంటే ఇక్కడే ఇరుక్కుంటారు, ఎందుకంటే సర్వీస్ నడిచేది ఘోస్ట్ అనే వేరే యూజర్‌తో, ఆ యూజర్‌కి మీ హోమ్‌లోకి దారి ఉండకపోవచ్చు. సిస్టమ్ మొత్తానికి పనిచేసేలా పెట్టుకోండి. థీమ్ మీరు మార్చుకున్నదైతే జీస్కాన్ అనే థీమ్ తనిఖీ టూల్‌తో పరీక్షించండి. ఘోస్ట్ డాక్టర్ కమాండ్ పర్మిషన్ల గురించి ఏమైనా అంటే కంటెంట్ ఫోల్డర్ ఓనర్‌ని ఘోస్ట్ యూజర్‌కి మార్చండి, 777 (అందరికీ అన్ని అనుమతులూ) మాత్రం ఇవ్వకండి.

నీలిసిరా:
స్వాప్ పెట్టి మూడు వారాలైంది, ఒకేసారి 40 ఫోటోలు ఎక్కించినా పడలేదు. మీ అందరికీ చాలా చాలా థాంక్స్. అక్షరశాల గారు చెప్పినట్టు నిన్న ఇంట్లో ఉన్న వర్చువల్ మెషిన్ మీద రీస్టోర్ చేశాను, సభ్యులతో సహా అన్నీ వచ్చాయి. కాకపోతే అందులో ఏ లింకు నొక్కినా అసలు సైట్‌కే వెళ్లిపోతోంది.

అక్షరశాల:
కాన్ఫిగ్‌లో యూఆర్‌ఎల్ పాతదే ఉంది కదా, ఆ మెషిన్ చిరునామా పెట్టి ఘోస్ట్ రీస్టార్ట్ చేయండి. దానికంటే ముందు ఒకటి చూడండి, మీకు షెడ్యూల్ చేసిన పోస్టులు ఏమైనా ఉన్నాయా? ఆ కాపీ కూడా టైమ్‌కి వాటిని పబ్లిష్ చేసేస్తుంది, న్యూస్‌లెటర్ సెట్టింగులు డేటాబేస్‌లోనే ఉంటే మీ సభ్యులందరికీ అదే మెయిల్ రెండోసారి వెళ్తుంది. కాన్ఫిగ్‌లో మెయిల్ వివరాలు తీసేయడం ఒక్కటే చాలదు. పరీక్ష అయ్యేదాకా ఆ మెషిన్ నుంచి బయటికి నెట్ కట్ చేసి ఉంచండి.