ఆరు నెలలు మెడికల్ లీవు అడిగితే ఉద్యోగం అట్టే పెట్టాలా?

లాడ్జి యజమాని, తిరుపతి:
స్టేషన్ దగ్గర మాకు చిన్న లాడ్జి ఉంది. పనిచేసేది 13 మంది. రిసెప్షన్ చూసే అతను ఆరేళ్లుగా ఉన్నాడు, జీతం 16,000. వెన్నెముకకు టీబీ అని తేలింది, ఆరు నెలలు రాలేనంటున్నాడు. ముందు బ్రహ్మోత్సవాలు, తర్వాత అయ్యప్ప భక్తుల సీజన్, ఆ వెంటనే వైకుంఠ ఏకాదశి. రాజీనామా రాయించుకొని కొత్త మనిషిని పెట్టుకోమంటున్నారు ఇంట్లో. మీరేమంటారు?

పల్ప్ యూనిట్, చిత్తూరు:
ఇంట్లోవాళ్లు చెప్పిందే సరి. నెల నోటీసు ఇచ్చి, రావాల్సింది లెక్క కట్టి ఇచ్చేయండి. బాగయ్యాక ఖాళీ ఉంటే రమ్మనండి. మామిడి సీజన్లో ఒక్కరు రాకపోతే మిగతావాళ్లు రెండు షిఫ్టులు చేయాలి. వాళ్ల ఆరోగ్యం మాత్రం ఎవరు చూస్తారు?

అకౌంటెంట్, రేణిగుంట:
అన్నా, రాజీనామా మాత్రం రాయించుకోవద్దు. 13 మంది ఉన్నారు, అతని జీతం 21,000 లోపే. పది మంది దాటితే ఈఎస్ఐ, అంటే యజమాని, ఉద్యోగి ఇద్దరూ చందా కట్టే ప్రభుత్వ బీమా, కడుతూనే ఉండాలి కదా. నెలనెలా మీ వంతు 520, అతని వంతు 120. ఆ డబ్బు కట్టేదే ఇలాంటి రోజు కోసం. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు. టీబీ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. రెండేళ్ల సర్వీసు, చందాలు సరిగ్గా ఉంటే ఆ తర్వాత 80 శాతం, అంటే 12,800 దాకా వస్తుంది. మీ జేబులోంచి పోయేదేమీ లేదు. అతనికి మీరిచ్చే జీతంతోనే సీజన్‌కు ఒకరిని పెట్టుకోవచ్చు. కాకపోతే 'ఫలానా అతను తిరిగి వచ్చేదాకా' అని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ ఒక్క లైను లేకపోతే రేపు ఇద్దరితోనూ గొడవే.

ఇంకో సంగతి. 1948 ఈఎస్ఐ చట్టం స్థానంలో 2025 నవంబరులో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. జబ్బు భత్యం తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయకూడదని, ఇచ్చిన నోటీసు చెల్లదని పాత చట్టం 73వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు ఎలా ఉందో ఈఎస్ఐ ఆఫీసులో అడగండి. పైగా బలవంతంగా రాయించిన రాజీనామా అతని భత్యానికే అడ్డం పడొచ్చు. ఆరేళ్లు చందా కట్టిన మనిషికి అది అన్యాయం.

లాడ్జి యజమాని, తిరుపతి:
కడుతున్నాం, కానీ ఎవరూ ఎప్పుడూ వాడుకోలేదు. మిగతా స్టాఫు అంటుకుంటుందని భయపడుతున్నారు.

అకౌంటెంట్, రేణిగుంట:
ఊపిరితిత్తుల్లో లేకపోతే వెన్నెముక టీబీ గాలి ద్వారా అంటదు. డాక్టరుతోనే స్టాఫుకు చెప్పించండి, టెన్షన్ పోతుంది. తిరుపతిలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. వైద్యం స్విమ్స్ ఆసుపత్రిలో చేయించుకున్నా, సర్టిఫికెట్ సంగతి మాత్రం ముందే ఈఎస్ఐ డాక్టరుతో మాట్లాడుకోమనండి. చాలామంది భత్యం పోగొట్టుకునేది అక్కడే.

పల్ప్ యూనిట్, చిత్తూరు:
పది మంది ఉన్నవాళ్లకు సరే. మా దగ్గర ఏడుగురే. ఈఎస్ఐ లేదు. మేం ఆరు నెలలు ఎట్లా మోసేది?

అకౌంటెంట్, రేణిగుంట:
మీకు కష్టమే, కాదనను. ఆరు నెలలు జీతం ఇవ్వమని ఎవరూ అడగరు. టీబీ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, పోషణకు నెలకు 1,000 కూడా వేస్తుంది. మొదటి రెండు నెలలు సగం జీతమైనా ఇచ్చి, ఆ తర్వాత జీతం లేని సెలవు రాయండి. ఆ ఉద్యోగం మాత్రం అతని పేరు మీదే ఉంచండి. చదివిన పిల్లలు ఎటూ బెంగళూరు, చెన్నై బస్సెక్కుతున్నారు. పని తెలిసిన మనిషి మీకు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు?