యద్దనపూడి గారు పోయారు, అమ్మకు ఏ నవల కొనివ్వాలి?

హన్మకొండ నుంచి:
యద్దనపూడి సులోచనారాణి గారు అమెరికాలో చనిపోయారని వార్త చూసినప్పటి నుంచి మా అమ్మ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. పెళ్లికి ముందు ఆవిడ నవలలన్నీ అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని చదివిందట, ఇప్పుడు ఇంట్లో ఒక్కటీ లేదు. ఏది కొనాలి? నేనసలు చదవలేదు, తిట్టకండి.

కరీంనగర్ నుంచి:
ఇంకేముంది, ‘సెక్రటరీ’! 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది కానీ నవల నవలే. మా పెద్దమ్మ దగ్గర పత్రికల్లోంచి సీరియల్ పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసిన కట్టలు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో మధ్య పేజీలు లేవు, పక్కింటావిడ తీసుకెళ్లి తిరిగివ్వలేదని ఇప్పటికీ తిడుతుంది.

వరంగల్ నుంచి:
అందగాడైన హీరో, కారు, మేడ, ఇవన్నీ కలలే కదా అని నేను మా వదినతో తెగ వాదించేవాణ్ని. నిజమే, ‘సెక్రటరీ’ హీరో రాజశేఖరం లాంటోళ్లు బయట ఎక్కడ దొరుకుతారు చెప్పండి! కానీ అందులో హీరోయిన్ జయంతి ఉద్యోగం చేసుకుంటూ డబ్బున్నోళ్ల ముందు తల వంచకుండా నిలబడుతుంది చూడండి, అప్పటి ఆడపిల్లలకు నచ్చింది అదీ.

జగిత్యాల నుంచి:
అక్కా, ‘మీనా’ కూడా తీసుకోండి, 1973లో విజయనిర్మల గారు సినిమా తీసింది దాన్నే. అమ్మకు చూపు ఆనకపోతే మీరే చదివి వినిపించండి.

హన్మకొండ నుంచి:
రెండూ ఆర్డర్ పెట్టేశా. ‘మీనా’ ముందు రావాలట!